ఫోరామ్‌కు పేరు రాసే ముందు: ఎండలు తగ్గి వానలు మొదలయ్యేలోపు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏటా మే నెలాఖరుకు మా నల్లగొండలో ఎమ్మెస్సీ జియాలజీ పిల్లల చేతుల్లో చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు కనబడతాయి. ఒక్కో కవర్లో పదో ఇరవయ్యో గ్రాముల బూడిదరంగు బురద ఉంటుంది. కొన్ని బంగాళాఖాతం అడుగు నుంచి వచ్చినవి, కొన్ని రాజమండ్రి దగ్గరి క్వారీలవి. ఆ బురదలో ప్లాంక్టానిక్ ఫోరామినిఫెరా, పొట్టిగా ఫోరామ్‌లు, ఉంటాయి. అంటే సముద్రపు నీళ్ళలో తేలుతూ బతికి, చచ్చాక అడుగుకు చేరిన ఏకకణ జీవుల సున్నపు గవ్వలు. వాటిని ఏరి, జాతి పేరు తేల్చి, రెండు మూడు నెలల్లో డిసర్టేషన్ ఇవ్వాలి. పని రోహిణి ఎండల్లో మొదలై ముసురులో ముగుస్తుంది. ఈ పనిని ఎండ ఒక రకంగా చెడగొడితే వాన ఇంకో రకంగా చెడగొడుతుంది.

సముద్రం మనకు చాలా దూరం. బురద అయిపోతే మళ్ళీ తెచ్చుకోవడం కుదరదు. ఎవరో ఓడ మీద వెళ్ళి, వేల మీటర్ల లోతుకు గొట్టం దించి తీసిన మట్టిలో మన వాటా ఆ గుప్పెడే. పైగా ఈ గవ్వకు పేరు పెట్టడమంటే ఆ పొరకు వయసు చెప్పడమే. పేరు తప్పితే లక్షల ఏళ్ళు అటూ ఇటూ అయిపోతాయి. అందుకే పేరు అన్నిటికన్నా చివర రాయాలని పిల్లలకు పదే పదే చెబుతుంటాను. పేరు తప్పడానికి సగం కారణాలు మైక్రోస్కోప్ దగ్గర కాదు, సింకు దగ్గరే మొదలవుతాయి.

ముందు మన రాళ్ళ సంగతి. హుజూర్‌నగర్, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిని చూసి, సున్నపురాయి అయితే ఫోరామ్‌లు ఉండాలి కదా అని ఏటా ఎవరో ఒకరు మైక్రోస్కోప్ కింద చూడటానికి రాతిని పలుచని సెక్షన్‌గా కోసి, గాజు పలక మీద అతికించి తెస్తారు. ఉండవు. ఆ రాయి 50 కోట్ల ఏళ్ళకు పైబడినది. ప్లాంక్టానిక్ ఫోరామ్‌లు పుట్టిందే జురాసిక్ కాలంలో, అంటే 20 కోట్ల ఏళ్ళకు ఇవతల. తాండూరు బండలదీ ఇదే కథ. ఆ సెక్షన్లలో గుండ్రంగా, నల్లటి అంచుతో కనబడేది చాలాసార్లు అతుకు మందులో చిక్కిన గాలిబుడగ. మైక్రోస్కోప్‌లో క్రాస్డ్ నికోల్స్ (ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు పోలరైజర్లు) పెట్టి స్టేజి తిప్పండి. బుడగ నల్లగానే ఉండిపోతుంది, కాల్సైట్ గవ్వ అయితే మెరుస్తుంది. నిమిషం కూడా పట్టని పరీక్ష, కానీ అది చేయకుండానే రికార్డులో బొమ్మ గీసేసినవాళ్ళను చూశాను.

ఇక జల్లెడ. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట కొడంగల్ అవతల ఊరి అమ్మాయి ఒకతె, దక్కన్ ట్రాప్స్ అనే పాత లావా నల్లరాతి పొరల మధ్య దొరికిన మట్టి తెచ్చింది. నానబెట్టి, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో కడిగి, ఆరబెట్టి చూసుకుంది. మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, పాలమూరుకు సముద్రం వచ్చింది సార్!" అంది. వెళ్ళి చూశాను. నల్లటి ట్రే మధ్యలో ఒకే ఒక్క గింజ. మూడు గుండ్రటి గదులు, మూడు జొన్నలు అతికించినట్టు. చివరి గది కింద నోరు కమానులా తెరుచుకుని, ముందటి రెండు గదుల మధ్య గీతకు సరిగ్గా ఎదురుగా ఉంది. తడి బ్రష్‌తో మెల్లగా బోర్లిస్తే వెనక వైపు ఇంకో రెండు చిన్న ద్వారాలు. గ్లోబిజెరినాయిడిస్ రూబర్. అనుమానమే లేదు. గాజులా తళతళలాడుతోంది.

ఆ తళతళ చూశాకే నా గుండె జారింది. దక్కన్ లావా పొరల వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. రూబర్ ఆ కాలపుది కానే కాదు, అది ఇప్పటికీ వెచ్చటి సముద్రాల్లో బతుకుతున్న జాతి. జల్లెడ రిజిస్టర్ తీసి చూస్తే, మూడు రోజుల ముందు అదే జల్లెడలో బంగాళాఖాతం శాంపిల్ కడిగారు. తీగల సందులో చిక్కుకున్న ఒక్క గింజ ఈ మట్టిలోకి వచ్చి పడింది. అప్పటికే ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి చెప్పేసుకుంది. తన ముఖం చూడలేకపోయాను.

ఆ రోజు నుంచి మా దగ్గర ఒక్కటే నియమం. శాంపిల్ కడగగానే జల్లెడను తిరగేసి కుళాయి ధార కింద బాగా కడగాలి. తర్వాత మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్ళలో కాసేపు ముంచి, రంగు పోయేదాకా మళ్ళీ కడగాలి. సందుల్లో పాత గింజ ఏదైనా మిగిలి ఉంటే అది నీలంగా మారుతుంది. మర్నాటి శాంపిల్లో నీలం గింజ కనబడితే అది నిన్నటిదని వెంటనే తెలిసిపోతుంది, లెక్కలోకి రాదు. నీలం సీసా పావు లీటరు చాలు, ఏడాదంతా వస్తుంది. వీలైతే స్థానిక మట్టికి ఒక జల్లెడ, సముద్రపు బురదకు ఇంకొకటి విడిగా పెట్టుకోండి. గట్టి బ్రష్‌తో తోమితే జాలి సాగి రంధ్రాలు పెద్దవవుతాయి, అది ఇంకో నష్టం.

నీళ్ళ విషయంలో మనవాళ్ళు రెండు తప్పులు చేస్తారు. బోరు నీళ్ళతో ఆఖరుసారి కడిగి ఆరబెడితే, గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర లాంటిదే గవ్వల మీద కూడా పేరుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోతాయి, అసలు గుర్తుపట్టాల్సినవే ఆ రంధ్రాలు. దానికి విరుగుడుగా ఆర్వో నీళ్ళో డిస్టిల్డ్ వాటరో వాడి రాత్రంతా నానబెట్టేస్తారు. ఆ నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కొద్దిగా ఆమ్లంగా మారతాయి, సున్నపు గవ్వను నెమ్మదిగా తింటాయి. కాబట్టి నానబెట్టడానికి కాల్గాన్ (బంకమట్టిని విడదీసే పొడి) కలిపిన నీళ్ళు, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో ఒక్కసారి తొలిపి వెంటనే ఆరబెట్టడం. ఓవెన్ 50 డిగ్రీలు దాటనివ్వకండి. ఎండ బాగుంది కదా అని మేడ మీద పెట్టకండి, గాలికి వచ్చే ఇసుక రేణువులు శాంపిల్లో కలుస్తాయి.

గట్టి బురదను విడదీయడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాల్సి వస్తే బాగా పలుచన చేసి, గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని వాడండి. బురద కలిపిన సీసాకు మూత బిగించకండి, మే నెల వేడికి గ్యాస్ పట్టి పగులుతుంది. శాంపిల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే పెరాక్సైడ్ తగలగానే ఆమ్లం పుడుతుంది, గవ్వలు మిగలవు.

శాంపిల్ నంబరు పెన్సిల్‌తో రాసి కవర్ లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. పెన్ను ఇంకు తడికి పోతుంది.

ఏరేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. నల్లగొండలో మే నెలలో ఫ్యాన్ ఆపమంటే పిల్లలు నా వైపు చూసే చూపు నాకు తెలుసు. కానీ అర మిల్లీమీటరు కూడా లేని గవ్వను ఫ్యాన్ గాలి ఎత్తుకుపోతుంది, మళ్ళీ దొరకదు. కూలర్ అయితే గాలితో పాటు తేమ కూడా తెస్తుంది. పొడి ఎండలో ప్లాస్టిక్ ట్రేకి స్టాటిక్ పట్టి గింజలు వాటంతటవే ఎగిరిపడతాయి, అందుకే లోహపు ట్రే మంచిది. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఏరుకుని, మధ్యాహ్నం పుస్తకాలు, ఫొటోలు చూసుకునే పని పెట్టుకోండి. బ్రష్‌ను నాలుకతో తడిపే అలవాటు చాలామందికి ఉంది. చిన్న మూతలో నీళ్ళు పెట్టుకుంటే సరిపోతుంది.

ఎంత పెద్ద గింజలు ఏరాలో ముందే తేల్చుకోండి. ఇప్పటి సముద్రపు శాంపిళ్ళలో 150 మైక్రాన్లకు పైనున్నవి 300 దాకా లెక్కపెట్టడం ఆనవాయితీ. రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య సున్నపు పొరకు ఆ లెక్క పనికిరాదు. అక్కడ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం గుర్తించి 2008లో ప్రచురించినవి డేనియన్ తొలినాళ్ళ జాతులు, అంటే డైనోసార్లు పోయిన మహావినాశనం తర్వాత వచ్చినవి. చాలా చిన్నవి. 150 జల్లెడ మీద చూస్తే ఏమీ లేదనిపిస్తుంది, అసలు సరుకంతా కిందికి జారిపోయి ఉంటుంది. మన కొడంగల్ వైపు నల్లరాతి కుటుంబానికి చెందిన లావా ఎప్పుడు పారిందో చెప్పడంలో సాయపడిన గవ్వలు అవి. కింది భాగాన్ని సింకులో పారబోయకండి.

ఇప్పుడు మైక్రోస్కోప్ దగ్గరికి వద్దాం. ప్రతి గింజనూ మూడు వైపులా చూడాలి: చుట్లు కనబడే వైపు, దానికి ఎదురుగా ఉండే బొడ్డు వైపు, పక్క అంచు. ఒక్క వైపు చూసి పేరు రాస్తే ఏమవుతుందో గ్లోబోరొటాలియా మెనార్డీ, టుమిడా జంట చెబుతుంది. చుట్ల వైపు నుంచి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అంచున నిలబెడితే మెనార్డీ అప్పడంలా పలుచగా, టుమిడా రెండు వైపులా ఉబ్బి మందంగా కనబడుతుంది. టుమిడా మొదట కనబడింది సుమారు 56 లక్షల ఏళ్ళ కిందట, మెనార్డీ వంశం అంతకు ముందు నుంచే ఉంది. పక్కకు తిప్పి చూడటానికి బద్ధకిస్తే పొర వయసే మారిపోతుంది.

అంచున కీల్ (అంచు వెంట గట్టులా లేచిన గీత) కనబడగానే పేరు పెట్టేయడం ఇంకా పెద్ద ప్రమాదం. అంచు కట్టిన బిళ్ళ లాంటి ఆకారాన్ని ప్రకృతి మళ్ళీ మళ్ళీ చేసింది. డైనోసార్ల చివరి కాలమైన క్రెటేషియస్‌లో గ్లోబోట్రంకానా, ఆ తర్వాతి పేలియోసీన్, ఇయోసీన్‌లలో మొరొజొవెల్లా, తర్వాత గ్లోబోరొటాలియా. గ్లోబోట్రంకానాకు సాధారణంగా రెండు కీల్‌లు. మొరొజొవెల్లా గోడ మీద బుడిపెలు, చేత్తో తాకితే గరుకు తగులుతుందా అనిపించేలా. గ్లోబోరొటాలియా గోడ ఎక్కువగా నున్నగా ఉంటుంది. అందుకే ఆకారం కన్నా గోడను ముందు చూడమంటాను. ముళ్ళు ఉన్న గుర్తులున్నాయా, తేనెపట్టులా గుంటలున్నాయా, నున్నగా ఉందా? తర్వాత నోరు ఎక్కడుంది, పెదవి ఉందా, వెనక అదనపు ద్వారాలున్నాయా? ఆ తర్వాతే గదుల లెక్క.

పిల్ల గింజలకు పేరు పెట్టకండి. ఆర్బులినా యూనివర్సా పెద్దయ్యాక ఒకే గుండ్రటి గోళం, చిన్నప్పుడు మాత్రం గ్లోబిజెరినా లాగే చుట్టు తిరిగి ఉంటుంది. ట్రైలోబేటస్ సాక్యులిఫర్‌కు సంచి లాంటి ఆఖరి గది అన్నిట్లోనూ రాదు. సంచి ఉన్నదాన్నీ లేనిదాన్నీ పాత పుస్తకాలు వేరు జాతులుగా చూపిస్తాయి, కానీ అవి ఒకే జీవి రూపాలని జన్యు పరీక్షల్లో తేలింది.

చుట్టు కుడివైపా ఎడమవైపా అన్నది ఎప్పుడూ చుట్ల వైపు నుంచే చూడాలి. బొడ్డు వైపు నుంచి చూస్తే అదే గింజ ఎదురు తిరిగి కనబడుతుంది. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా ఎడమ చుట్టుది, చల్లటి నీళ్ళది. దానిలాగే ఉండి కుడి చుట్టు తిరిగేది ఇన్‌కాంప్టా, వేరే జాతి. కెమెరా సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఒకటి రెండోదైపోతుంది. పని మొదలుపెట్టే రోజు ఒక అక్షరం రాసిన కాగితం లెన్స్ కింద పెట్టి తిరగబడుతోందేమో చూసుకోండి. ఐపీస్ మీద ఫోన్ పెట్టి ఫొటో తీసి, యాప్ చెప్పిన పేరు రాసుకొచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ యాప్ చూసింది ఒక వైపే.

రంగు కూడా సాక్ష్యమే. గులాబీ రంగు రూబర్ హిందూ మహాసముద్రంలో సుమారు 1,20,000 ఏళ్ళ కిందటే కనుమరుగైంది. బంగాళాఖాతం శాంపిల్లో అది దొరికితే పొర అంతకన్నా పాతదో, పాత మట్టి పైకి కలిసిందో, జల్లెడ మురికిగా ఉందో ఆలోచించాలి. బావి తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి ముక్కల్లో అయితే పై పొరల గింజలు రాలి కిందికి పడుతుంటాయి. అక్కడ ఒక జాతి కింద ఎక్కడ మొదలైందన్నది నమ్మకండి, పైనుంచి వస్తూ మొదట ఎక్కడ కనబడిందన్నదే పట్టుకోండి.

పేరు రాసేటప్పుడు బ్రాకెట్లు జాగ్రత్త. గ్లోబిజెరినా బుల్లాయిడిస్ డోర్బిన్యీ, 1826 అని రాస్తాం, ఆయన పెట్టిన ప్రజాతిలోనే (జీనస్, అంటే పేరులో మొదటి మాట) ఇప్పటికీ ఉంది కాబట్టి. ట్రైలోబేటస్ సాక్యులిఫర్ (బ్రాడీ, 1877) అంటే, బ్రాడీ దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని అర్థం. 2015కు ముందు పేపర్లలో అదే గ్లోబిజెరినాయిడిస్ సాక్యులిఫర్. రెండు పేర్లు చూసి రెండు జాతులుగా లెక్క వేయకండి. తేలనిదానికి cf. (ఫలానా జాతిని పోలినది) గానీ sp. (జాతి తేలనిది) గానీ రాయడం తప్పు కాదు, గింజ విరిగి ఉంటే అదే సరైన సమాధానం. వైవాలో దాన్ని చూసి మార్కులు తగ్గుతాయన్న టెన్షన్ వద్దు, నేనైతే ఆ ధైర్యానికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

వానలు పడ్డాక స్లయిడ్ల కాపలా మొదలవుతుంది. గింజలను అతికించడానికి పలుచని గమ్ ట్రగకాంత్ (చెట్టు జిగురు) వాడండి, తడి బ్రష్ తగిలిస్తే వదులుతుంది, మళ్ళీ తిప్పి చూసుకోవచ్చు. సూపర్ గ్లూ పెడితే మిగతా రెండు వైపులూ ఇక కనబడవు. జూలైలో ట్రగకాంత్ జిగురుకు బూజు పడుతుంది, కలిపేటప్పుడే ఒక చుక్క లవంగ నూనె వేయండి. చెక్క డ్రాయర్లలో దాచకండి, చెక్క వదిలే ఆవిర్లకు గవ్వల మీద తెల్లటి పూత వస్తుంది. స్టీలు బీరువాలో, బిగుతు మూత డబ్బాలో, తేమ పీల్చే నీలం సిలికా జెల్ సంచితో పెట్టండి. జెల్ గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్ళీ పెట్టండి. ముసురు పట్టినప్పుడు మాకు వారానికోసారి తిరుగుతుంది, సోమవారం పొద్దున బీరువా తెరిచి చూసే పని ఒకరికి అప్పగించాం.