కుక్కలకు, పందులకు నట్టల మందు వేసే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకే పెరట్లో కాపలా కుక్కనూ పందులనూ పెంచే ఇళ్లవారు తొలకరికి ముందే రెండింటికీ నట్టల మందు, అంటే కడుపులోని పురుగులను చంపే మందు, వేయడం మంచిది, ఎందుకంటే తడిసిన నేలలో నట్టల గుడ్లు, పిల్లపురుగులు ఎక్కువ కాలం బతుకుతాయి. అయితే మందు పేరు కంటే ముందు జంతువు బరువు తెలియాలి. మోతాదు తగ్గితే పురుగులన్నీ చావవు. మిగిలినవాటి నుంచి ఆ మందుకు లొంగని సంతతి పెరుగుతుంది.

కుక్కను ఎత్తుకుని తూకం చూసి, అందులోంచి మీ బరువు తీసివేయండి. పందికైతే ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతనూ, చెవుల మధ్య నుంచి తోక మొదలు వరకు పొడవునూ మీటర్లలో కొలవండి. చుట్టుకొలతను మళ్లీ చుట్టుకొలతతో, ఆపైన పొడవుతో, చివరకు 69.3తో గుణిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 0.9, పొడవు 1 మీటరు ఉంటే 56 కిలోలన్నమాట. నేను 40 కిలోలుంటుందని కంటితో అంచనా వేసిన పంది ఇలా కొలిస్తే 60కి దగ్గరగా తేలింది. అంతవరకు దానికి పట్టించినదంతా చాలని మందే.

కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లి కడుపులోనే సోకుతాయి, కొంకిపురుగులు పాల ద్వారా వస్తాయి. అందువల్ల పైరాంటెల్ వంటి మందును 2 వారాల వయసులో మొదలుపెట్టి, 8 వారాల వరకు రెండు వారాలకొకసారి, 6 నెలల వరకు నెలకొకసారి, తరువాత మూడు నెలలకొకసారి వేయాలి. పాలిచ్చే తల్లికీ పిల్లలతో పాటే వేయాలి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల వంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగువి, వాటికి కిలోకు 5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ కావాలి. బొచ్చులో గెంతే పురుగులను మింగడం వల్ల ఇది సోకుతుంది కనుక వాటినీ వదిలించాలి.

పందిలో ఏలికపాము పిల్లలు కాలేయం, ఊపిరితిత్తుల గుండా తిరిగి దగ్గునూ ఎదుగుదల లోపాన్నీ తెస్తాయి. చూడి పందికి ఈనడానికి ఒకటి రెండు వారాల ముందు, పిల్లలకు పాలు మాన్పించాక మందు వేయాలి. ఫెన్‌బెండజోల్‌ను కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున కొద్దిపాటి తవుడులోనో చోడి అంబలిలోనో కలిపి, దేనికది విడిగా పెట్టండి; ఒకే తొట్టిలో పోస్తే బలమైనదే అంతా తినేస్తుంది. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ అయితే 33 కిలోలకు 1 మిల్లీలీటరు, చర్మం కింద. సీసాలో మిగిలినదాన్ని కుక్కకు ఎన్నడూ వేయకండి. కోలీ వంటి కొన్ని జాతులకు అది ప్రాణాంతకం. మందు వేశాక మాంసానికి కోయకుండా ఆగవలసిన రోజుల సంఖ్య సీసా మీద ఉంటుంది, దాన్ని పాటించి తీరాలి.

పంది మాంసంలో కనిపించే గింజల వంటి తిత్తులు ఈ మామూలు మోతాదులకు పోవు. అవి మనిషి మలం తినడం వల్ల వచ్చినవి కనుక పందులను బహిర్భూమి వైపు వదలకపోవడమే అసలు నివారణ.

పంది ఏలికపాము గుడ్లు నేలలో ఏళ్ల తరబడి ఉంటాయి, కాబట్టి పేడను రోజూ ఎత్తి గుంటలో వేయాలి. నీరసించిన పిల్లలకూ, చూడి వాటికీ మందు వేసే ముందు పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి పశువైద్యుడిని అడగండి. రెండు వారాల తరువాత తాజా పేడను చిన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకువెళ్లి, గుడ్లు ఇంకా ఉన్నాయేమో పరీక్ష చేయించండి.