విశాఖ మహానగరాన్ని పేటపేటగా తెలుసుకోవడం ఎలా?

ఉద్యోగానికో చదువుకో విశాఖపట్నం వచ్చినవారు సాధారణంగా రామకృష్ణా బీచ్‌తో మొదలుపెడతారు. ఊరితోపాటు ఊరి జనం కూడా తెలియాలంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాలని నా అభిప్రాయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలు మినహాయించుకోండి. బోట్లు ఒడ్డుకు చేరగానే వంజరం, చందువ, రొయ్యలు గచ్చు మీద కుప్పలు పడతాయి. చుట్టూ గొంతుక్కూర్చున్న ఆడవాళ్లు వేలంపాటలో సరుకు దక్కించుకుని, తట్టలకెత్తుకుని, వీధుల్లో అమ్మకానికి బయలుదేరతారు. వీరిలో ఎక్కువమంది తరతరాలుగా ఈ తీరాన్నే నమ్ముకున్న జాలరి, వాడబలిజ కుటుంబాలవారు. బరువు మోసేవారి దారికి అడ్డు నిలవకండి, అడగకుండా ఫొటోలు తీయకండి.

అక్కడినుంచి వన్‌టౌన్‌కు వెళ్లి కాలినడకనే తిరగాలి. రేవు పక్కన వరుసగా ఉన్న మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇసాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి ఉన్నాయి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు; భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకుంటారు. మార్గశిర గురువారాల్లో రద్దీ విపరీతం కనుక నెమ్మదిగా చూడాలనుకునేవారు వేరే రోజు ఎంచుకోవాలి.

మరొక రోజు పూర్తిగా పారిశ్రామిక ప్రాంతానికి కేటాయించండి. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1948లో ‘జల ఉష’ నౌక జలప్రవేశం చేసిన నౌకానిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పిన సంస్థ పేరే నేటికీ సింధియా అనే పేటకు నిలిచింది. మల్కాపురం, గాజువాక మీదుగా ఉక్కునగరం చేరవచ్చు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాలు చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో ఉన్నాయి. అక్కడ ‘ఆర్ కార్డు’ అన్న మాట వినిపిస్తే కాసేపు ఆగి వినండి. భూమికి బదులు ఉపాధికి అర్హత కల్పించిన ఆ కార్డు చేతిలో ఉండి కూడా ఉద్యోగం రానివారు ఇంకా ఉన్నారు. ఈ సంగతి తెలియకుండా గాజువాక అర్థం కాదు.

భీమిలికి ఒక పూట చాలు. డచ్చివారి సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు చూసి రావచ్చు.

వీలైతే ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణలో నడవండి. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే, సుమారు 32 కిలోమీటర్ల ఆ దారి హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా నగరాన్ని చుట్టి తిరిగి కొండ కిందికే చేరుస్తుంది. మంచినీళ్లు, మజ్జిగ దారిపొడవునా ఇస్తారు కనుక మూట బరువు పెంచుకోకండి. చాలామందిలాగే చెప్పులు లేకుండా నడవదలిస్తే, ముందు వారం రోజులైనా అలవాటు చేసుకోండి.