మాంజాకు చిక్కిన గద్దను ఎలా కాపాడాలి? బెంగళూరు కుర్రాళ్ల జట్టుకో పద్ధతి

మన ఊళ్లలో గాలిపటాలు సంక్రాంతికి ఎగిరితే, బెంగళూరులో ఆషాఢం గాలికి ఎగురుతాయి. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా దారం చెట్ల మీద, తీగల మీద వేలాడుతూనే ఉంది. నైలాన్ కుళ్లదు గనక నిరుడు తెగిన దారం ఈ ఏడు కూడా రెక్కలు కోస్తుంది.

క్రికెట్ జట్టులో చోటు దొరకని పిల్లలు, నలుగురిలో నోరు విప్పని పిల్లలు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు. మాంజాకు చిక్కిన గద్దల్ని కాపాడే జట్టు కట్టాలంటే వాళ్లే సరైనవాళ్లు. గద్దను కాపాడటంలో ముప్పావు వంతు చప్పుడు చేయకపోవడమే. నలుగురు చాలు, అందులో ఒకరు పెద్దవాళ్లు కావాలి. పక్షిని చేత్తో పట్టేది ఆ పెద్దమనిషి ఒక్కరే. మిగతా ముగ్గురిలో ఒకరికి కత్తెర, ఒకరికి ఫోను. మూడోవాళ్లు కాకుల్ని, కుక్కల్ని, వీడియో తీసే జనాన్ని దూరంగా ఉంచాలి.

పెట్టె ముందే సిద్ధంగా ఉండాలి. గద్ద రెక్కలు చాస్తే నాలుగున్నర అడుగులు దాటినా, ముడుచుకుంటే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తున్న అట్టపెట్టెలో పడుతుంది. పక్కలకు పెన్సిలు దూరేంత రంధ్రాలు పది పన్నెండు పెట్టండి. పక్షిని లోపల పెట్టాక పొడిస్తే బెదిరిపోతుంది. అడుగున పాత దుప్పటి మడత వేయండి, టర్కీ తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. ఇంకో మందపాటి దుప్పటి, తోలు చేతొడుగులు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, టేపు ఉంటే సామాను అయిపోయినట్టే.

గద్ద ఎక్కడుందో చూశాకే కదలండి. కరెంటు తీగ మీదుంటే కర్ర కూడా ఎత్తొద్దు, కరెంటు సంస్థ బెస్కాంకు 1912 కొట్టి ఆ లైనులో సరఫరా ఆపమనండి. ఎత్తైన చెట్టు మీదుంటే 112కు చెప్పి అగ్నిమాపక దళం కావాలని అడగండి. పిల్లలెవరూ చెట్టెక్కకూడదు. ఇక్కడో చిన్న చిక్కు: కన్నడలో గద్దను ‘హద్దు’ అంటారు. సెక్యూరిటీ అన్నతో ‘గద్ద’ అంటే అర్థం కాకపోవచ్చు, ‘హద్దు’ అనండి. చిరునామా కూడా వీధి మెయిన్, క్రాస్ నంబర్లతో సహా రాసుకోండి. కోలుకున్న పక్షిని దొరికిన చోటి దగ్గరే వదలడానికి ఆసుపత్రివాళ్లు అదే అడుగుతారు.

నేల మీదుంటే వెనక నుంచి మెల్లగా వెళ్లి, తల, రెక్కలు పూర్తిగా మునిగేలా దుప్పటి కప్పండి. దుప్పటి కింద కళ్లకు చీకటి కాగానే చాలావరకు నెమ్మదిస్తుంది. అందరూ ముక్కుకు భయపడతారు గానీ, అసలు ఆయుధం కాలి గోళ్లు. దుప్పటి పైనుంచే రెక్కల్ని ఒంటికి ఆనించి, రెండు కాళ్లనూ వదలకుండా పట్టుకోవాలి. రొమ్మును మాత్రం నొక్కకూడదు. పక్షులకు మనలా ఉదరవితానం (డయాఫ్రం) లేదు, రొమ్మెముక కదిలితేనే ఊపిరాడుతుంది. గట్టిగా పట్టుకుంటే చేతుల్లోనే చచ్చిపోతుంది.

ఇప్పుడు దారం. చాలామంది పాడుచేసేది ఇక్కడే. చిక్కు విప్పాలని లాగితే మాంజా రంపంలా పనిచేసి, రెక్క ముందంచులోని పల్చటి చర్మాన్ని, నరాన్ని కోసేస్తుంది. అది తెగితే గద్ద మళ్లీ ఎగరడం అనుమానమే. ఒంటికి జానెడు దూరంలో రెండు వైపులా కత్తిరించి ఆపేయండి. గాయంలో దిగిన దారాన్ని డాక్టరే తియ్యాలి, ఎందుకంటే అది రక్తనాళాన్ని నొక్కిపట్టి ఉండవచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడొద్దు. పసుపు, కాఫీపొడి, కొబ్బరినూనె మన చేతికి ముందు తగులుతాయి. వాటిని వంటింట్లోనే ఉండనివ్వండి. నూనె తగిలిన ఈకలు వానకు తడిసి ముద్దవుతాయి.

పెట్టెలో పెట్టి మూత వేసి టేపు అంటించాక మళ్లీ తెరవొద్దు. నీళ్లు పోయొద్దు: గద్దకు గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలన్నం, కోడిమాంసం కూడా వద్దు. కెంగేరిలో పీపుల్ ఫర్ యానిమల్స్ అనే జంతు సంరక్షణ సంస్థ వారి వన్యప్రాణుల ఆసుపత్రి ఉంది. ముందు ఫోన్ చేసి బయల్దేరండి, మారతహళ్లి నుంచి అంటే ట్రాఫిక్‌లో రెండు గంటలైనా పట్టొచ్చు. రాత్రయితే ఫ్యాను, టీవీ లేని గదిలో తెల్లారేదాకా ఉంచవచ్చు. అంతకు మించి ఇంట్లో పెట్టుకుని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

దారానికి వేలాడేది గబ్బిలమైతే ఈ పద్ధతేదీ వద్దు. ముట్టుకోకుండా ఆసుపత్రికే చెప్పండి. పక్షుల నుంచి రేబిస్ రాదు గానీ గబ్బిలం, కోతి, కుక్క, పిల్లి కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. ఒకేచోట రెండు మూడు పక్షులు గాయం లేకుండా చచ్చి పడుంటే బర్డ్ ఫ్లూ కావచ్చు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు.

గద్ద దొరకని రోజుల్లో కూడా జట్టుకు పనుంది. ఆషాఢంలో ప్రతి ఆదివారం సాయంత్రం మేడల మీద, గోడల పక్కన పడ్డ దారాన్ని అట్టముక్కకు చుట్టండి. ఏ రకమో తెలియకపోతే పెద్దవాళ్లెవరైనా ఒక పోగు వెలిగించి చూడాలి: నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, నైలాన్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. చుట్టినదాన్ని జానెడు ముక్కలుగా కత్తిరించి, మూతి కట్టిన సంచిలో వేసి చెత్తబండికి ఇవ్వండి.