అమరిల్లిస్ కుండీలో ఆకులే తప్ప పూలు రాకపోతే

కుండీలోని అమరిల్లిస్ పచ్చగా, ఏపుగా ఉండి కూడా పూయడం లేదంటే, పొరపాటు చాలావరకు ఈ ఏడాదిది కాదు, నిరుటిది. వేసవి మొదట్లో పైకి లేచే పూకాడ అప్పటికప్పుడు పుట్టేది కాదు. ఆకులు కూడబెట్టిన ఆహారంతో ఎన్నో నెలల ముందే దుంప పొరల మధ్య, సుమారు నాలుగు ఆకులకు ఒకటి చొప్పున, మొగ్గలు ఏర్పడి ఉంటాయి. అందువల్ల ఎరువుల దుకాణానికి వెళ్లే ముందు దుంపను, ఆకులను పరీక్షించాలి. మనం అమరిల్లిస్ అని పిలిచే ఈ దక్షిణ అమెరికా మొక్క శాస్త్రీయ నామం హిప్పియాస్ట్రమ్.

ఆకులు వస్తున్నాయి, పూకాడ రావడం లేదు

మొదట దుంప లావుపాటి భాగం చుట్టూ దారం చుట్టి కొలవండి. చుట్టుకొలత 20 సెంటీమీటర్లకు బాగా తక్కువగా ఉంటే దుంప ఇంకా పూతకు రాలేదని భావించవచ్చు. తల్లి దుంప పక్కన పుట్టిన పిల్లలు పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అవి కుండీ నిండా కిక్కిరిసి ఉంటే ఆహారం పంచుకుని ఏదీ ఎదగదు కాబట్టి, వేరుచేసి విడిగా నాటాలి.

దుంప పెద్దదే అయితే వెలుతురు సంగతి చూడాలి. వరండా మూలన నీడలో పెరిగిన ఆకులు పొడవుగా సాగి, మెత్తగా వాలిపోతాయి. అవి దుంపను నింపలేవు. రోజుకు నాలుగైదు గంటల ఉదయపు ఎండ తగిలేచోటికి కుండీని మార్చాలి. యూరియా వంటి నత్రజని ఎరువు ఆకులనే పెంచుతుంది. దాని బదులు మాగిన పశువుల ఎరువు, కొద్దిగా ఎముకల పొడి, పొటాష్ ఇవ్వాలి.

ఇవన్నీ సరిగానే ఉన్నా పూయకపోతే, మన ఇళ్లలో తరచుగా కనిపించే కారణం విశ్రాంతి లేకపోవడం. మా మిద్దె మీది కుండీ ఒకటి నాలుగేళ్లు ఆకులతోనే సరిపెట్టింది. తులసికి పోసినట్టే దానికీ ఏడాది పొడవునా రోజూ నీళ్లు పోస్తూ వచ్చాము. ఐదో ఏడు చలికాలమంతా నీళ్లు ఆపిన తరువాత రెండు పూకాడలు వచ్చాయి. నవంబరు చివర నీళ్లు క్రమంగా తగ్గించి, ఆపై పూర్తిగా మానేసి, వానపడని పొడిచోట ఎనిమిది నుంచి పది వారాలు కుండీని అలాగే వదిలేయాలి. ఆకులు పసుపుబారి ఎండిన తరువాతే తీయాలి. ఒకటి రెండు పచ్చగా నిలిచినా వాటిని కోయకూడదు. శీతల దేశాలలో దుంపలను సుమారు 13 డిగ్రీల చల్లదనంలో నిల్వ చేస్తారు. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు అందుకు దగ్గరగా వస్తాయి. కోస్తాలో అంత చలి ఉండదు గనుక అక్కడ మట్టిని పొడిగా ఉంచడం మీదే ఎక్కువ ఆధారపడాలి. చలి చాలదని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు: నాలుగైదు డిగ్రీలు దీనికి మరీ ఎక్కువ చలి, పైగా అందులోని యాపిళ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను పాడుచేయగలదు.

దుంప మెత్తబడింది, ఆకులపై ఎర్రటి మచ్చలు

దుంపను మెడ దాకా మట్టిలో కప్పడం, నీరు నిలిచే బంకమట్టి వాడటం కుళ్లుకు దారితీస్తాయి. దుంపను బయటకు తీసి, కుళ్లిన వేళ్లు, పొరలు కోసివేసి, నీడలో ఆరబెట్టి, ఎర్రమట్టిలో ఇసుక, వర్మీకంపోస్టు కలిపి, మూడో వంతు పైకి కనిపించేలా మళ్లీ నాటాలి. ఎర్రటి మచ్చలు పొడవుగా సాగి, ఆకు వంకర తిరుగుతుంటే అది శిలీంధ్రపు తెగులు. సోకిన ఆకులు తీసివేసి, నీళ్లు మట్టికే పోయాలి. అయితే చిన్న గాయమైనా ఈ మొక్క ఎర్రబారుతుంది కాబట్టి, పెరగని ఒక్క మచ్చను చూసి కంగారుపడనవసరం లేదు.

ఆకులపై పసుపుపచ్చ చారలు కొత్త ఆకుల్లోనూ వస్తూంటే అది వైరస్. దానికి మందు లేదు. మిగతా కుండీలకు సోకకముందే దుంపను పారవేయాలి.

ఆకులు రాత్రికి రాత్రే మాయమయ్యాయి

వానాకాలంలో నల్లటి ఒంటిపై తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు గుంపుగా ఆకులను తినేస్తాయి. ఆకులు పోయాయంటే వచ్చే ఏటి పూలు పోయినట్టే కాబట్టి, ఈ సమస్యను తేలికగా తీసుకోకూడదు. పురుగులను ఏరివేసి, సాయంత్రం వేపనూనె పిచికారీ చేయాలి. దుంపలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందనివ్వకండి.

విశ్రాంతి ముగిశాక

ఫిబ్రవరిలో కుండీని వెలుతురులోకి తెచ్చి ఒకసారి నీళ్లు పోసి, మొలక కనిపించే దాకా మట్టి తడారిన తరువాతే మళ్లీ పోయాలి. మొనదేలి, లావుగా వచ్చేది పూమొగ్గ. పలచగా, నాలుకలా వచ్చేది ఆకు. పూలు వాడిన తరువాత కాడను మాత్రమే కోయాలి. ఎనిమిది వారాలైనా ఆకులే వస్తే, ఆ ఏడాదిని దుంప లావెక్కడానికి వదిలి, కుండీని ఎండలో ఉంచి, వానాకాలం ముగిసే దాకా నెలకొకసారి ఎరువు వేయండి.