గ్రో టెంట్ వాసన బయటికి రాకుండా చేయడం ఎలా?

గ్రో టెంట్ అంటే ఇంట్లో లైట్ల కింద మొక్కలు పెంచే గుడ్డ గుడారం. దాన్నుంచి వాసన వస్తోందనగానే చాలామంది వాసన పట్టే ఫిల్టర్ ఇంకోటి కొనేస్తారు. ముందు ముక్కుకు పని చెప్పండి. డక్ట్ (గాలి బయటికి పోయే గొట్టం) చివర వాసన వస్తుంటే తప్పు ఫిల్టర్‌ది. జిప్పు దగ్గరో మూలల్లోనో వస్తుంటే ఎన్ని ఫిల్టర్లు మార్చినా దండగే, గాలి అసలు ఫిల్టర్ దాకా పోవడం లేదు.

సామాను: 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (డక్ట్ దారిలో బిగించేది), దాని స్పీడు కంట్రోలర్, అదే సైజు కార్బన్ ఫిల్టర్, డక్ట్, క్లాంపులు, అల్యూమినియం ఫాయిల్ టేపు, తేమ మీటరు. 2 × 4 × 5 అడుగుల టెంట్‌లో 40 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అది నిమిషానికోసారి మారాలి. ఫిల్టర్, డక్ట్ వంపులు ఫ్యాన్ బలాన్ని కొంత మింగేస్తాయి కాబట్టి నిమిషానికి 150 ఘనపుటడుగులు లాగేది తెచ్చి, స్పీడు తగ్గించి తిప్పండి. గాలి నిదానంగా పోతే కార్బన్‌కు వాసన పట్టుకునే వ్యవధి దొరుకుతుంది, రొద కూడా తగ్గుతుంది. స్పీడు తగ్గించడానికి లైట్ డిమ్మర్ మాత్రం తగిలించొద్దు. మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

కొత్త ఫిల్టర్‌ను ఆరుబయట ఫ్యాన్‌కు తగిలించి అయిదు నిమిషాలు నడిపితే నల్ల దుమ్ము పోతుంది. తర్వాత టెంట్ లోపల, పైకడ్డీకి వేలాడదీయండి. వరుస ఇదే: ఫిల్టర్, ఫ్యాన్, డక్ట్, బయటికి. ఫ్యాన్ మీది బాణం బయటివైపు చూడాలి. కొందరు ఫిల్టర్‌ను డక్ట్ చివర, టెంట్ బయట పెడతారు. అలా పెడితే దారంతా వాసన గాలే ఒత్తిడితో నడుస్తుంది, ఎక్కడ చిన్న సందున్నా గదిలోకి చిమ్ముతుంది. ఫిల్టర్ ముందుంటే ఆ సందులోంచి వచ్చేది శుభ్రమైన గాలి. డక్ట్‌ను బిగుతుగా సాగదీసి కట్టండి, ముడతలుంటే గాలి ఆగిపోతుంది.

ఇక అందరూ పాడుచేసేది ఒత్తిడి దగ్గర. టెంట్ లోపలి ఒత్తిడి గదిలో కన్నా కాస్త తక్కువుండాలి. అప్పుడే సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది తప్ప బయటికి పోదు. ఫ్యాన్ వేసి, జిప్పు పూర్తిగా మూసి, రెండు నిమిషాలాగి గుడ్డ గోడలు చూడండి. కొద్దిగా లోపలికి ఒంగాలి. నిటారుగా ఉంటే లాగుడు చాలడం లేదు, స్పీడు పెంచండి. కడ్డీలు వంగేంతగా పీల్చుకుంటే గాలి వచ్చే దారి ఇరుకు, కింది కిటికీలు తెరవండి. ఆ కిటికీల వైశాల్యం డక్ట్ నోటికి రెండు మూడింతలుండాలి. పురుగులు రాకుండా జాలీ కడితే ఇంకాస్త ఎక్కువ.

గోడలు ఒంగాయి కదా అని అక్కడితో వదిలేయొద్దు. సన్నటి టిష్యూ పేలికను జిప్పు పొడవునా, వైరు బొక్కల దగ్గర, డక్ట్ టెంట్‌లోంచి బయటికొచ్చే గుడ్డ మెడ చుట్టూ పట్టుకుని చూడండి. లోపలికి పీల్చుకుంటే సరే. బయటికి ఎగిరిందా, అక్కడే వాసన కారుతోంది. చాలాసార్లు దోషి లోపల తిరిగే చిన్న క్లిప్ ఫ్యాన్: దాని ముఖం జిప్పు వైపుంటే సందులోంచి గాలిని బయటికి నెడుతుంది. దాన్ని ఎదురుగోడ వైపు తిప్పండి. గాలి లోపలికి పంపడానికి ఇంకో ఫ్యాన్ పెడితే అది బయటికి లాగేదాని కన్నా బలహీనంగా ఉండాలి. నన్నడిగితే ఇంత చిన్న టెంట్‌కు అదే అక్కర్లేదు.

మెడ దగ్గరి గుడ్డ తాడు ఎంత బిగించినా చాలదు, ఫాయిల్ టేపు చుట్టాల్సిందే. గుడ్డ టేపు వేడికి జిగురు వదిలేస్తుంది.

లైట్లు ఆర్పినప్పుడు ఫ్యాన్ కూడా ఆపేయడం మరో తెలివితక్కువ పొదుపు. లైటు ఆరాకే చల్లబడి తేమ పెరుగుతుంది, ఒత్తిడి తేడా పోతుంది, వాసన గదిలో తేలుతుంది. రోజంతా తిరగనివ్వండి. తేమ 70 శాతం దాటితే నీటి ఆవిరి కార్బన్ రంధ్రాలను ఆక్రమిస్తుంది, వాసనకు చోటుండదు. అందుకే ఫిల్టర్ మార్చే ముందు మీటరు చూడండి.

సుగంధపు జెల్ వాసనను కప్పుతుంది, తీసేయదు. హెపా ఫిల్టర్ దుమ్మును పడుతుంది, వాసనను కాదు. ఓజోన్ యంత్రం జోలికి పోవద్దు, ఊపిరితిత్తులకూ ఆకులకూ హాని.

ఫిల్టర్ పైతొడుగు నెలకోసారి విప్పి ఉతికి, పూర్తిగా ఆరాకే తొడగండి. కార్బన్‌ను మాత్రం కడగొద్దు.