కుక్కకి మందులు, వికారం – 4వ పాఠం: పెరుగన్నం తెచ్చిన తంటా

పోయిన పాఠంలో ‘టిక్ ఫీవర్‌కి (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది, అన్నంతో పెట్టండి’ అని రాసి ఊరుకున్నాను. ఏ అన్నమో చెప్పలేదు. తప్పు నాదే. మన ఇళ్లలో కుక్క అన్నమంటే పెరుగన్నమే కదా! ఇప్పుడు వస్తున్న కబురల్లా ఒకటే: ‘వాంతులు ఆగాయండీ, జ్వరం మాత్రం తగ్గట్లేదు.’

అందుకని ఈసారి పాఠమంతా పెరుగు గురించే.

పెరుగులో కాల్షియం ఉంటుంది. డాక్సీసైక్లిన్ దాన్ని అంటిపెట్టుకుని పేగుల్లోనే ఉండిపోతుంది, రక్తంలోకి వెళ్లాల్సినంత వెళ్లదు. ఇదే జాతి పాత మందు టెట్రాసైక్లిన్‌తో పోలిస్తే ఈ బెడద తక్కువే. అయినా 28 రోజులు మందు వేస్తూ దాని బలం మనమే తగ్గించుకోవడం ఎందుకు? మజ్జిగ పర్వాలేదా అంటున్నారు. మజ్జిగ దేంతో చేస్తారు? పాలు, పన్నీరు, చీజ్ ముక్కలో దాచడం, అన్నీ అంతే. ఒకరైతే ఐస్‌క్రీమ్‌లో పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకూడదు. పెరుగు చలవ చేస్తుందనే మాట మాత్రకి తెలియదండీ. కుక్కకి పెరుగు పడుతుందంటే మాత్ర వేసిన రెండు మూడు గంటల తర్వాత పెట్టుకోండి.

ఐరన్ టానిక్, కాల్షియం టానిక్, మనం తాగే గ్యాస్ సిరప్ కూడా ఇదే పని చేస్తాయి. టిక్ ఫీవర్‌లో రక్తం తగ్గుతుందని డాక్టర్ ఐరన్ రాస్తారు, మనమేమో రెండూ ఒకేసారి పట్టేస్తాం. ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌నే అడగండి.

మరి దేంతో పెట్టాలి? మెత్తగా ఉడికిన అన్నం, ఎముక తీసిన ఉడికించిన చికెన్. ఉప్పు, కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కకి విషం. నేనైతే చల్లారాకే పెడతాను. వికారంగా ఉన్నప్పుడు వేడి కూటి వాసనకే మా రాజుగాడు మొహం తిప్పేసుకునేవాడు. మూడు చిన్న ముద్దలు చేస్తాను: మొదటిది ఉత్తిది, రెండోదాన్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు ఆడిస్తే రెండోది నమలకుండా మింగేస్తాడు. తర్వాత నీళ్లు తాగించండి. మాత్ర గొంతు కింద అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

ఇంత చేసినా కక్కితే మారోపిటెంట్ లాంటి వాంతి మందు కావాలేమో డాక్టర్‌ని అడగండి. ఇంట్లో మిగిలిన మన మాత్రలు వేయకండి. కక్కేసిందని మీ అంతట మీరు రెండో డోసూ వేయకండి. వేస్తున్నది మెలాక్సికామ్ లాంటి నొప్పి మందైతే ఈ పాఠం మీకు కాదు. వాంతి అవగానే మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మూతి నాక్కోవడం, గడ్డి తినడం లాంటి వికారం గుర్తులు రెండో పాఠంలో ఉన్నాయి, మళ్లీ రాయను.

అభ్యాసం: ఐదు రోజులు నోట్‌బుక్‌లో రాయండి. మాత్ర ఎన్నింటికి వేశారు, ముందు ఏం తింది, తర్వాత గంటలో ఎన్నిసార్లు మూతి నాక్కుంది, గడ్డి తిన్నదా, కక్కితే ఎన్ని నిమిషాలకి. గంటసేపు పక్కనే కూర్చోవాలి, తెలుసు. ఇంట్లో వంతులు వేసుకోండి.