హైకోర్టు కేసును ఫోన్‌లో గమనించేవారికి ఒక చిట్కా

ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ తెరిచి, జిల్లా కోర్టుల విభాగంలోనే వెతికి, హైకోర్టులో వేసిన తమ రిట్ పిటిషన్ కనిపించడం లేదని కంగారుపడేవారు ఉంటారు కాబట్టి, ముందుగా హైకోర్టుల విభాగానికి మారండి. అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వెతకడమే తేలిక. దొరికిన కేసును ‘మై కేసెస్’లో భద్రపరచుకోండి. ఆ జాబితా ఫోన్‌లోనే ఉంటుంది గనుక, ఫోన్ మార్చేముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం మరవకండి (నేను మరిచిపోయి, ఒక ఆదివారమంతా కేసులన్నీ మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చున్నాను). అధ్యయనం కోసమైతే, నేరుగా తుది తీర్పుకు వెళ్లకుండా, మొదటి మధ్యంతర ఉత్తర్వు నుంచి తేదీల వరుసలో చదవండి; కౌంటరు (ఎదుటి పక్షం జవాబు) దాఖలుకు ఎన్నిసార్లు గడువిచ్చారో, స్టే ఎప్పుడు పొడిగించారో, వాదన ఏ వాయిదాలో మలుపు తిరిగిందో అప్పుడే బోధపడుతుంది. ఆ ఉత్తర్వులను కోర్టులో దాఖలు చేయాల్సి వస్తే మాత్రం, యాప్‌లోని ప్రతి కాకుండా, కోర్టు ఇచ్చే ధ్రువీకృత నకలు వేరుగా తీసుకోవాలి.